సున్నంలో విరిగిన మందు

పురుగుల మందు అమ్ముకుని చేలో వట్టి నీళ్ళు కొట్టాడని మా ఊళ్ళో ఒక మనిషిని దొంగని చేశారు. అతను చుక్క మందు కూడా పక్కకు పెట్టలేదు. ఆ మందును చంపింది సున్నం. ఆ సంగతి నేను చెబితే, సబ్బులు వండుకునేవాడివి, నీకేం తెలుసన్నారు.

ఇది ఎనభైల్లో మాట. మాది అద్దంకికి బస్సులో అరగంట. నల్లరేగడి నేల, ఒక చెక్క పత్తి, ఒక చెక్క మిరప. ఇన్నేళ్ళ తర్వాత ఇప్పుడు రాస్తున్నానంటే కడుపుమంటతో నిద్ర పట్టక కాదు. బాగానే తింటున్నాను, బాగానే పడుకుంటున్నాను. అయినా తలుచుకుంటే చెయ్యి ఊరుకోదు.

ముందు నా సంగతి రెండు ముక్కలు. ఐదో తరగతితో బడి మానేశాను. మానేశాను అనడం కూడా గొప్పే, మాన్పించారు. నలభై దాటేసరికి నా బతుకు సబ్బు. ఇంటి వెనక రేకుల పంచలో కాస్టిక్ సోడా నీళ్ళలో కలిపి, ఆ వేడి తగ్గాక వేపనూనె, తవుడు నూనె పోసి, చెయ్యి పడిపోయేదాకా కర్రతో తిప్పి, చెక్కపెట్టెల్లో పోసేవాణ్ణి. గట్టిపడ్డాక సన్నటి తీగతో కోస్తే బట్టల సబ్బు. ఏడెనిమిది ఊళ్ళకు సైకిలు మీద వేసేవాణ్ణి. ఊరంతా నన్ను సబ్బులోడనే పిలిచేది. నాకేం కష్టంగా ఉండేది కాదు. ఆ పంచలో నిలబడి, నూనె తన నూనెతనం వదిలేసి చిక్కబడటం చూస్తుంటే, నిజం చెప్పొద్దూ, నాకు రోజూ పండగే.

ఒకసారి ఒంటి సబ్బు చెయ్యాలని ఆశ పుట్టింది. కొబ్బరినూనె తెచ్చాను. వాసన కోసం అద్దంకిలో పుల్ల ఐసు చేసే ఆయన దగ్గర అరటిపండు ఎసెన్సు సీసా కొన్నాను. సబ్బు పోసిన రోజు పంచంతా గెల మాగేసినట్టు ఒకటే గుమగుమ. మా ఆవిడ ముక్కు ఎగబీలుస్తూ వచ్చి, “ఇన్నాళ్ళకు మీ దగ్గర ఒక మంచి వాసన వచ్చింది,” అంది. వారం తిరిగేసరికి అరటీ లేదు, గెలా లేదు. సబ్బు ముక్కు దగ్గర పెట్టుకుంటే సారా కొట్టు పక్క సందు గుర్తొచ్చింది. నేను సైకిలేసుకుని అద్దంకి వెళ్ళి, కల్తీ సీసా అంటగట్టావని ఐసు ఆయన్ని నలుగురి ముందూ దులిపేశాను. ఆయన పాపం, “నా ఐసులో నిలబడే వాసన నీ సబ్బులో ఎందుకు నిలబడలేదో నీ సబ్బునే అడుగు,” అన్నాడు.

సబ్బును అడిగే భాష నాకు అప్పుడు రాదు. ఆ తర్వాత గుంటూరు వెళ్ళినప్పుడు బ్రాడీపేటలో పాత పుస్తకాల కొట్లో ఇంటర్మీడియట్ రసాయన శాస్త్రం ఒకటి దొరికింది. తెలుగు మీడియంది, అట్ట లేదు, మొదటి పాతిక పేజీలు లేవు. మొదటిసారి చదివినప్పుడు నాకు ఎక్కింది పదో వంతు. ఎక్కని పేజీలో వేపపుల్ల పెట్టి, సబ్బు ఆరేలోపు మళ్ళీ అదే పేజీ. పుస్తకం నిండా పుల్లలే. అలా ఒక పుల్ల దగ్గర ఎస్టరు అనే మాట తగిలింది.

ఎస్టరు అంటే ఇదీ. ఒక ఆమ్లం, ఒక ఆల్కహాలు కలిసేటప్పుడు వాటి మధ్యలోంచి నీరు బయటికి పోతుంది. మిగిలిన ముక్కలు రెండూ ఒక ఆక్సిజన్‌ను పట్టుకుని అతుక్కుంటాయి. బొమ్మ వేస్తే, నడుమ ఒక కార్బన్. దాని నెత్తి మీద ఒక ఆక్సిజన్, రెండు చేతులతోనూ దాన్నే పట్టుకుని. పక్కన ఇంకో ఆక్సిజన్, ఒక చెయ్యి ఈ కార్బన్‌కు, ఇంకో చెయ్యి ఆల్కహాలు నుంచి వచ్చిన ముక్కకు. ఈ ఎస్టర్లలో చిన్నవాటికి పండ్ల వాసన ఉంటుంది. అరటిపండు ఎసెన్సు అలాంటిదే. పెద్దవి మన నూనెలు, కొవ్వులు. నీళ్ళలో కలవవు. మామూలుగా బుద్ధిగా ఉంటాయి. కానీ కాస్టిక్ సోడా, సున్నం లాంటి క్షారం తగిలిందా, కార్బన్‌కూ ఆ పక్క ఆక్సిజన్‌కూ మధ్య అతుకు ఊడిపోతుంది. ఆమ్లం ముక్క క్షారంతో లేచిపోతుంది, ఆల్కహాలు ముక్క ఒంటరిగా మిగులుతుంది. ఆ క్షారంలో మళ్ళీ కలిసే ముచ్చట లేదు.

ఇది చదివిన రోజు నేను లేచి పంచలో అటూ ఇటూ తిరిగాను. ఏళ్ళ తరబడి నేను చేస్తున్న పని ఎస్టర్లను విరగ్గొట్టడమే! నూనెను విరగ్గొడితే సబ్బయింది. అరటి ఎసెన్సును కూడా అదే కాస్టిక్ సోడా విరగ్గొట్టింది, అందుకే సారా వాసన మిగిలింది. తప్పు నాది. మర్నాడే అద్దంకి వెళ్ళి, ఐసు ఆయన కొట్లో నలుగురూ ఉన్నప్పుడే, “సీసా మంచిదేనండీ, నేనే తెలియక నోరు పారేసుకున్నాను,” అన్నాను. పరిహారంగా రెండు పుల్ల ఐసులు కొని అక్కడే నిలబడి తిన్నాను. పళ్ళు జివ్వుమన్నాయి గాని మనసు తేలికపడింది.

ఇక అసలు సంగతి.

ఐదో తరగతి దాకా నా పక్కన కూర్చున్నవాడు ఒకడు పెద్ద రైతయ్యాడు. వాడి పత్తికీ మిరపకీ మందు కొట్టే మనిషి ఒకతను ఉండేవాడు. ముప్పై ఏళ్ళుంటాయి. ఇల్లు చర్చి వెనక వరసలో. గాలి ఎటుందో చూసుకోకుండా అడుగు వెయ్యడు. పంపు భుజానేసుకుని సాలు వెంట నడిస్తే, ఆకు పైనా కిందా తడవాల్సిందే. ఊళ్ళో మందు కొట్టేవాళ్ళు చాలామందే ఉన్నా, రైతులు ముందు అతని ఇంటికే వెళ్ళేవాళ్ళు. అతనికి ఉన్న ఆస్తి ఆ పేరే.

ఆ ఏడు మిరపకు రెండు బాధలు ఒకేసారి వచ్చాయి, కాయకుళ్ళు, శనగపచ్చ పురుగు. కుళ్ళుకు మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మందు కొడతారు. పురుగుకు ఆ రోజుల్లో కొత్తగా వచ్చిన పైరిత్రాయిడ్ మందు. నీళ్ళలో వంచితే పాలలా తెల్లగా విచ్చుకునేది. తర్వాతి ఏళ్ళలో పురుగు ఆ మందుకు మొండికేసింది, అది వేరే పోట్లాట. ఆ ఏడు మాత్రం పత్తిలో కొడితే పురుగు రాలి కిందపడింది.

రెండు మందులకు రెండు కూలీలు ఎందుకని మావాళ్ళు రెండూ ఒకే తొట్లో కలిపేసేవాళ్ళు. బోర్డో కలిపాక కొడవలి ముంచి చూడటం అలవాటు. కొడవలి మీద ఎర్రగా రాగి పూత తేలితే సున్నం చాలనట్టు, ఆకు మాడుతుంది. మా రైతుకు అంతకు ముందేడు ఆకు మాడింది. ఆ భయంతో సున్నం రెండింతలు పొయ్యమనేవాడు. సరిగ్గా అప్పుడే వాడికి దవడ వాచింది. గుంటూరు పళ్ళ డాక్టరు దగ్గరికి బయల్దేరుతూ, మందు సీసాలు మందు కొట్టే అతని చేతికిచ్చి చెప్పాడు. “సాయంత్రమే రెండూ తొట్లో కలిపేసి ఉంచు. తెల్లారి ఎండెక్కకముందే కొట్టెయ్. సున్నం గట్టిగా పడాలి, గుర్తుందా?” అతను చెప్పింది చెప్పినట్టు చేశాడు.

నాలుగో రోజు రైతు చేలోకి వెళ్ళి చూస్తే కాయ కాయకూ పురుగు, నిక్షేపంగా మేస్తోంది. మర్నాడు పొద్దున పాలకేంద్రం దగ్గర, ఊరంతా చెంబులూ క్యాన్లూ పట్టుకుని వరసలో నిలబడ్డ వేళ, రైతు అతన్ని పట్టుకున్నాడు. దవడకు ఇంకా గుడ్డ కట్టే ఉంది, అయినా గొంతు తగ్గలేదు.

“పత్తిలో చచ్చిన పురుగు మిరపలో ఎందుకు చావలేదురా? అదే మందు, అదే పంపు. నేను ఊళ్ళో లేని రోజే ఎందుకు చావలేదు?”

“నాకేం తెలుసయ్యా. మీరు చెప్పినట్టే కలిపా. ఖాళీ సీసాలు కూడా తెచ్చి మీ గూట్లోనే పెట్టా.”

“ఖాళీ సీసాకేం, వేరే సీసాలోకి వంచుకుంటే అదీ ఖాళీ అవుద్ది.”

“అయ్యా, అంత మాటనకండి.”

“అయితే కర్పూరం ఆర్పు. ఇక్కడే, ఇప్పుడే.”

మా వైపు అదొక పద్ధతి. అరచేతిలో వెలిగే కర్పూరాన్ని ఆర్పి ఒట్టు పెడితే నిర్దోషి కింద లెక్క. అతను తల అడ్డంగా ఊపాడు. “మాకు ఒట్టు పెట్టుకోవడం కూడదయ్యా. చర్చిలో వద్దంటారు. నేను తియ్యలేదు. ఇంకెన్నిసార్లు అడిగినా అదే చెబుతా.”

అంతే. ఒట్టు పెట్టనన్నాడంటే తిన్నట్టేగా అని వరస మొత్తం తేల్చేసింది. మతం వద్దన్న పని చెయ్యనన్నందుకు మనిషి దొంగయ్యాడు! ఆ వారం నుంచి అతన్ని మందుకు పిలిచినవాడు లేడు. అతని భార్యను మిరపకోతకు పిలవడం కూడా మానేశారు. వేరే ఊరికి మకాం మారుద్దామనుకుంటున్నానని నాతోనే చెప్పాడు.

“మారితే ఆ పేరు నీతోనే వస్తదయ్యా. నీళ్ళు కొట్టినవాడు పారిపోయాడంటారు,” అన్నాను.

“మరేం చెయ్యమంటావన్నా?”

“కలిపి ఎంతసేపు ఉంచావు?”

“రాత్రంతా.”

నాకు అరటిపండు సబ్బు గుర్తొచ్చింది. రైతు ఇంటి గూట్లో మందు పెట్టెలోని కాగితం ఉందంటే వెళ్ళి అడిగి తెచ్చుకున్నాను. పది భాషల్లో ఉంది, మన తెలుగు ఎక్కడో అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో. భూతద్దం పెట్టి చదివితే ఒక ముక్క కనపడింది, క్షార పదార్థాలతో కలపరాదని. రైతు చదివే కాగితం మీద చీమ కూడా చదవలేని అక్షరాలు! క్షారం అంటే సున్నం అని రాయడానికి వాళ్ళ సొమ్మేం పోయింది? కాగితంలో రాసిన ఆ మందు రసాయన పేరును నా పుస్తకంతో కలిపి చూసుకున్నాను. అనుమానం లేదు, ఎస్టరే. సున్నం రెండింతలు, రాత్రంతా నానడం. పొద్దున ఆ తొట్లో ఉన్నది విరిగిన ముక్కలే.

సరాసరి రైతు దగ్గరికి వెళ్ళి చెప్పాను. వాడు ఒక చెంప నొక్కుకుంటూ నవ్వాడు. “ఒరేయ్, ఊళ్ళో సగంమంది రెండూ కలిపే కొడతారు. వాళ్ళ పురుగు చచ్చింది. నీ సున్నం నా మందునే విరగ్గొట్టిందా? వెళ్ళి నీ సబ్బు విరగ్గొట్టుకో పో.”

ప్రశ్న మంచిదే, కాదనను. వాళ్ళు కలిపిన వెంటనే కొట్టారు, వీడు రాత్రంతా నానబెట్టమన్నాడు. అదే చెప్పాను. వినలేదు. “పెద్ద చదువులవాళ్ళు రాసిస్తే నమ్ముతా,” అన్నాడు. వ్యవసాయ ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి ఆఫీసరు నా మాట సగంలోనే ఆపి, “ఏం చదువుకున్నావు?” అనడిగాడు. చెప్పాను. “అర్జీ రాసి ఇచ్చి వెళ్ళు,” అన్నాడు. ఎస్టరు బొమ్మ వేసి మరీ ఇచ్చాను. నెల తర్వాత కార్డు వచ్చింది, మీ అర్జీ అందినది, తగు చర్య నిమిత్తం పంపడమైనది అని. ఎక్కడికి పంపారో, ఎవరి చర్యో, ఆ పంపినవాళ్ళకే తెలియాలి. ఆ కార్డు చించి కుంపట్లో వేశాను. చదువు లేనివాడు అడిగితే ప్రశ్నకు విలువ తగ్గుతుందా? నూనెకూ సున్నానికీ నా చదువెంతో తెలుసా?

ఇక నేనే పూనుకున్నాను. రైతుకు ఒక మాట చెప్పాను. “నీ మందు, నీ సున్నం, నీ చెయ్యి. నేను ఏదీ ముట్టను. పురుగులే సాక్ష్యం చెబుతాయి. భయమా ఏరా?” భయమా అంటే వాడు చిన్నప్పటి నుంచీ ఆగడు.

కలపడానికి గిన్నెలు కావాలి. వాళ్ళావిడ లోపల్నుంచే అరిచింది. “నా గిన్నెల్లో విషం కలిపారంటే ఇద్దరికీ ఆ గిన్నెల్లోనే అన్నం పెడతా, ఏవనుకున్నారో!” చివరికి కొబ్బరిచిప్పలు తెచ్చుకున్నాం. ఒక చిప్పలో మందు, వట్టి నీళ్ళు. రెండో దాంట్లో మందు, బోర్డో, తొట్లో పోసిన పాళ్ళలోనే. రెండూ రైతే కలిపాడు, తన కొట్టంలోనే పెట్టి తాళం వేసుకుని తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. మూడో చిప్పలో అదే మందు, బోర్డో తెల్లారి అప్పటికప్పుడు కలపాలని ఒప్పందం.

పురుగుల్ని పట్టే పని మందు కొట్టే మనిషిదే. అతను ఊరంతా తిరిగి ఖాళీ అగ్గిపెట్టెలు పోగుచేశాడు. పెట్టెకు ఒక్క పురుగే వేశాడు. అన్నీ ఒక డబ్బాలో వెయ్యరాదా అంటే, “ఇవి ఒకదాన్నొకటి తినేస్తాయన్నా. మనూరోళ్ళలాగే,” అన్నాడు. ఆ దినాల్లో అతను నవ్వగా నేను చూసింది అదే మొదటిసారి.

పొద్దున రైతు తాళం తీసి, మూడో చిప్ప కలిపాడు. ఒక్కో చిప్పలో పచ్చిమిరపకాయలు ముంచి, ఆరబెట్టి, అగ్గిపెట్టెల్లో పెట్టాం. చిప్పకు ఐదు పెట్టెలు. ఏ చిప్పదో తెలిసేలా పెట్టె మీద బొగ్గుతో గీతలు. మూడు వరసలుగా అరుగు మీద పేర్చి, రైతు కాపలా కూర్చున్నాడు. నన్ను రెండు బారల దూరంలో కూర్చోమన్నాడు. మందు కొట్టే అతన్ని అరుగు కింద వాకిట్లోనే నిలబడమన్నాడు. నిలబడ్డాడు.

మధ్యాహ్నానికి తెరిచాం. మందు వట్టి నీళ్ళలో కలిపిన వరసలో ఐదుకు ఐదూ చచ్చి వంకర్లు తిరిగి ఉన్నాయి. అప్పటికప్పుడు సున్నంలో కలిపిన వరసలో నాలుగు చచ్చాయి. రాత్రంతా సున్నంలో నానిన వరస తెరిస్తే ఒకటి చచ్చింది. మిగతా నాలుగూ కాయలోకి తల దూర్చి, మన రాకను కూడా పట్టించుకోకుండా భోంచేస్తున్నాయి.

“ఒకటి చచ్చిందిగా,” అన్నాడు రైతు.

“ఒకటి చచ్చింది, నాలుగు మేస్తున్నాయి. నీ చేలో కూడా అదే లెక్క కాదూ?” అన్నాను.

వాడు ప్రతి పెట్టె మళ్ళీ తెరిచి చూశాడు, పుల్లతో పొడిచి చూశాడు. గడపలో నిలబడి అంతా చూసిన వాళ్ళావిడే అంది. “రాత్రంతా నానబెట్టమంది మీరు. సున్నం రెండింతలు పొయ్యమంది మీరు. అతను మీ మాట విన్నాడు, అదే అతని తప్పు.”

సంగతి తేలింది కదా అనుకున్నాను. తేలింది అరుగు మీద మాత్రమే. మాట పడింది పాలకేంద్రం దగ్గర, ఊరంతా వినేట్టు. నాకు అద్దంకి ఐసు కొట్టు గుర్తుంది. ఎక్కడ నోరు పారేసుకున్నామో అక్కడే ఏరుకోవాలి. పాలకేంద్రం దగ్గరే ఆ మాట చెప్పమని రైతును అడిగాను. “వాణ్ణి రేపట్నుంచి పనికి రమ్మన్నాగా, ఇంకేంటి?” అన్నాడు. రెండోసారి అడిగితే దవడ నొప్పన్నాడు, అప్పటికి పన్ను పీకించుకుని రెండు నెలలైంది. మూడోసారి అడిగితే అసలు వినపడనట్టు ఎడ్లను అదిలించాడు. పని ఇస్తానన్నా అతను వెళ్ళలేదు. “దొంగ పేరుతో ఆ చేలో అడుగుపెట్టనన్నా,” అన్నాడు. వాళ్ళావిడ మాత్రం అతని భార్యను కోతకు పిలిపించుకుంది, ఎవరినీ అడక్కుండా.

నేను పాలకేంద్రంలో రోజూ రైతు వెనకే నిలబడటం మొదలుపెట్టాను. మాకున్నది ఒక్క గేదె, అదీ వట్టిపోయింది. ఖాళీ చెంబు పట్టుకుని నిలబడేవాణ్ణి. ఒక్క మాట అనేవాణ్ణి కాదు. వాడు వెనక్కి తిరిగినప్పుడల్లా నేనుండేవాణ్ణి. పాలు కొలిచే ఆయన నా చెంబులోకి తొంగిచూసి నవ్వేవాడు. మూడో వారానికి వరస మొత్తానికి నేనెందుకొస్తున్నానో తెలిసిపోయింది. ఆ పొద్దున మందు కొట్టే మనిషి కూడా తన పాలచెంబుతో వరసలో ఉన్నాడు. రైతు క్యాను దించి, నా చెంబు వైపు చూసి, అతని వైపు చూసి, గొంతు పెంచాడు. సున్నం గురించీ ఎస్టరు గురించీ నేను రాసిచ్చిన అర్జీకీ, ఇన్నాళ్ళు చెప్పిన మాటలకూ కలిపి నాకు ముట్టిన జవాబు ఇదే:

“అందరూ వినండర్రా. వీడు నా మందు అమ్ముకోలేదు. రాత్రంతా సున్నంలో నానెయ్యమంది నేను, చెడగొట్టుకుంది నేను. దొంగ అన్నది తప్పు. అబ్బాయ్, పత్తికి మందు కొట్టాలి, రేపు నువ్వే రావాలి. ఎట్టా కలపాలో ఈసారి నువ్వే చెప్పు, నేను వింటా. ఒరేయ్ సబ్బులోడా, ఆ వట్టి చెంబు ఇంక ఇంటికి తీసుకుపోరా, చూడలేక చస్తున్నా!”